నీ షీటులో సగం కొట్టేశాను

విశాఖపట్నం
ఆగస్టు 17

చి.ల.సౌ. బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

అక్కకి, అదే మీ అమ్మకి, అమెరికా రావడానికి సెప్టెంబరు టికెట్ ఖాయమైందని అత్తయ్య చెప్పింది. నువ్వు పంపిన ఎక్సెల్ షీటు కూడా చూశాను. అక్టోబరు ఆఖరి వారం, కార్తహేనా, అయిదు రోజులు. పొద్దున్న ఏడు నుంచి రాత్రి పది దాకా గంటకో గడి, గడికో రంగు. కోట, కొండ మీది మఠం, మూడు మ్యూజియాలు, రెండు దీవులు, బురద అగ్నిపర్వతం, సూర్యాస్తమయం, రాత్రికి సల్సా. అత్తయ్య అది చూసి "వీళ్లు వెళ్లేది సెలవులకా, ఇన్‌స్పెక్షన్‌కా?" అంది.

"తప్పులుంటే దిద్దు మావయ్యా, ఓడల మీద వెళ్లొచ్చిన ఊరు కదా" అని రాశావు. పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి, దూరాలూ బాగానే వేశావు. కానీ ఆ షీటులో వాన లేదు, ఎండ లేదు, మీ అమ్మ మోకాళ్లు లేవు. ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకునేసరికి సగం గడులు వాటంతట అవే పోయాయి. మిగిలిన సగాన్ని తీరిగ్గా చూస్తే చాలు, ఆ ఊరు మీకు దక్కుతుంది. ఏది ఎందుకు కొట్టేశానో వరసగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

మొట్టమొదట నెల మార్చు. కరీబియన్ అనగానే అందరూ తుఫాను గురించే అడుగుతారు. కార్తహేనా కొలంబియా ఉత్తర తీరంలో, భూమధ్యరేఖకి పది డిగ్రీల పైన ఉంది. తుఫాన్లు మామూలుగా నడిచే దారికి అది దక్షిణాన పడుతుంది కాబట్టి అవి నేరుగా వచ్చి తాకడం అరుదు. వాన మాత్రం వదలదు. ఏడాది మొత్తంలో అక్కడ ఎక్కువ వాన కురిసేది అక్టోబరులోనే. 2020 నవంబరులో ఐయోటా తుఫాను ఎక్కడో దూరంగా పోతూ కురిపించిన వానకే ఊళ్లో చాలా పేటలు మునిగిపోయాయి. ఊరు సముద్రాన్ని ఒరుసుకుని పల్లంలో ఉంటుంది. సముద్రం పోటు మీదుంటే వాన నీళ్లు బయటికి పోవు సరికదా, కాలవల్లోంచి వెనక్కి తన్నుతాయి. అలాంటి రోజున పడవలు కదలవు, నీ గడులన్నీ హోటల్ గదిలో కూర్చుని కిటికీలోంచి చూడాల్సిందే.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. అందులోనూ క్రిస్మస్ నుంచి సంక్రాంతి రోజుల దాకా కొలంబియా వాళ్లంతా ఆ తీరానికే దిగుతారు, గదుల అద్దెలు ఆకాశంలో ఉంటాయి. అందుకని డిసెంబరు మొదటి పక్షం పెట్టుకో. వీలైతే 7వ తేదీ రాత్రి అక్కడ ఉండేలా చూడు. మరియమాత పండుగకి ముందు రాత్రి అది. కొలంబియాలో ఊరూరా, గుమ్మాల ముందూ వీధుల వెంటా కొవ్వొత్తులు, కాగితపు లాంతర్లు వెలిగిస్తారు. వాళ్ల క్రిస్మస్ రోజులు ఆ రాత్రితోనే మొదలవుతాయి. కార్తీకంలో ఇల్లు వదిలి ఉంటున్నానే అని అక్క ఇప్పటి నుంచే గొణుగుతోంది. దీపాల వరస ఒకటి అక్కడైనా చూస్తుంది.

నెల మార్చమనడానికి ఇంకో కారణం మీ ఆయన పాస్‌పోర్టు. అతని హెచ్‌-1బీ స్టాంపు గడువు తీరిపోయిందనీ, పొడిగింపు కాగితం ఐ-797 మాత్రమే ఉందనీ అక్క మాటల్లో విన్నాను. గడువు తీరిన స్టాంపుతో ముప్ఫై రోజుల లోపు వెళ్లి తిరిగొచ్చే వెసులుబాటు హెచ్‌-1బీ వాళ్లకి కెనడా, మెక్సికోలకి మాత్రమే. కొలంబియా దాని కిందకి రాదు. వెళ్లడం వెళ్తాడు, తిరుగు విమానం ఎక్కనివ్వరు. కాబట్టి కొత్త వీసా స్టాంపింగ్ అయ్యాకే అతని టికెట్ కొనండి. డిసెంబరు లోపు కాకపోతే తల్లీకూతుళ్లిద్దరే వెళ్లి రండి. అతను అలిగితే నా పేరు చెప్పు.

ఇక కొలంబియా వైపు సంగతి. భారత పాస్‌పోర్టుకి మామూలుగా వీసా కావాలి. అయితే అమెరికా వీసా గాని, షెంగెన్ వీసా గాని ఉండి, అక్కడ దిగే రోజుకి ఇంకా 180 రోజుల గడువు మిగిలి ఉంటే సందర్శకులకి విడిగా వీసా అడగరు. పదేళ్ల వీసా కొట్టించుకున్న అక్కకి దిగుల్లేదు, నీ స్టాంపు తేదీ ఒకసారి చూసుకో. ఇలాంటి నిబంధనలు ఎప్పుడు మారతాయో చెప్పలేం, టికెట్ కొనేముందు ఆ దేశపు విదేశాంగ శాఖ సైట్‌లో స్వయంగా చదువు. ప్రయాణానికి 72 గంటల లోపు చెక్-మిగ్ అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు కట్టమని అడిగిన సైట్ ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదని గుర్తు.

నీ షీటులో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన గడి చివరిది. ఆదివారం కార్తహేనా నుంచి అట్లాంటా, బుధవారం అక్కకి ఇండియా విమానం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలని మన ప్రభుత్వం ఒక పట్టికలో పెట్టింది, కొలంబియా అందులో ఉంది. ఆ దేశం వదిలిన ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే ఆరోగ్యాధికారులు ఎయిర్‌పోర్టు నుంచే క్వారంటైన్‌కి తీసుకెళ్తారు. మధ్యలో అట్లాంటాలో రెండు రోజులు ఆగామన్నా ఒప్పుకోరు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. అయితే అరవై దాటినవాళ్లకి ఆ టీకా వల్ల తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, డాక్టరుతో మాట్లాడకుండా వేయించకూడదు. డిసెంబరు మొదట్లో వెళ్లొచ్చి, అక్క సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఇక్కడ దిగేలా చూస్తే మధ్యలో నాలుగు వారాలు దొరుకుతాయి. అప్పుడు ఈ బెడదే ఉండదు. టీకా వేయించాలా వద్దా అన్నది డాక్టరు ఆరోగ్యం చూసి చెబుతాడు, విమానం తేదీ చూసి తొందరపడక్కర్లేదు.

కాగితాల గోల అయింది, బస సంగతికొద్దాం. నువ్వు బొకాగ్రాండే పేటలో పాతికో అంతస్తులో గది చూశావు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, నిజమే. కానీ మీరు చూడాల్సినవన్నీ పాత ఊరి ప్రాకారం లోపలా, దాని పక్కనే ఉన్న హెత్సెమనీ పేటలోనూ ఉన్నాయి. రోజుకి నాలుగుసార్లు టాక్సీలో తిరగాలి. హెత్సెమనీ గోడల మీది బొమ్మలు, త్రినిదాద్ చౌరస్తా సందడి బాగుంటాయి గాని, ఆ సందడి అర్ధరాత్రి దాటినా ఆగదు, అక్క నిద్రపోదు. ప్రాకారం లోపలే శాన్ దియేగో అనే పేట కాస్త నెమ్మదిగా ఉంటుంది. అక్కడ చూడు. పాత ఇళ్లని హోటళ్లుగా మార్చారు, లోపల తోట, చుట్టూ వసారా, చూడముచ్చటగా ఉంటాయి. చాలావాటికి లిఫ్టు ఉండదు. "కింది అంతస్తు గది, ఏసీ" అని బుక్ చేసేటప్పుడే రాయించుకో. ఆ వీధుల్లో కాలిబాటలు సన్నం, ఎగుడుదిగుడు. అక్కకి మంచి బూట్లు కొను. చెప్పులతో వస్తానంటే ఒప్పుకోకు.

ఇప్పుడు ఎండ. డిసెంబరులో అక్కడ ఆరు దాటాక తెల్లవారి, సాయంత్రం అయిదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. అట్లాంటా గడియారమే అక్కడా నడుస్తుంది కాబట్టి నిద్ర చెడదు. పొద్దున్న ఏడు నుంచి పదిన్నర దాకా ఒక పని. పదకొండు నుంచి నాలుగు దాకా గది, భోజనం, నిద్ర. నాలుగు తర్వాత ఇంకో పని. రోజుకి రెండే పనులు. ఆ ఊరివాళ్లు చేసేది కూడా అదే, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచేది మన టూరిస్టులే. ఈ ఒక్క నియమం పెట్టుకునేసరికి నీ షీటులో అన్ని రోజుల్లోనూ మధ్య గడులు ఖాళీ అయిపోయాయి. వాటిలో మళ్లీ ఏదీ నింపకు.

మొదటి ఉదయం శాన్ ఫెలీపె కోటకి పెట్టుకో, తలుపులు తీసే వేళకి అక్కడ ఉండాలి. కోటంతా రాతి వాలు, ఎక్కడా చెట్టు నీడ లేదు. అక్క సగం దాకా ఎక్కి కూర్చున్నా సరిపోతుంది, మీరు పైదాకా వెళ్లి సొరంగాలు చూసి రండి. చూసేముందు ఆ కోట ఎందుకు పుట్టిందో తెలిసి ఉండాలి, లేకపోతే రాళ్ల గుట్టే కనిపిస్తుంది.

స్పెయిన్ నుంచి వచ్చిన పెద్రో దె ఎరెదియా 1533లో కట్టిన ఊరు అది. దక్షిణ అమెరికాలో దోచిన బంగారం, వెండి స్పెయిన్‌కి చేరే దారిలో ముఖ్యమైన రేవు కావడంతో దాని మీద అందరి కన్నూ పడింది. 1586లో ఇంగ్లండు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చి ఊరిని పట్టి, ఇళ్లు తగలబెడుతూ, సొమ్ము గుంజుకుని గాని వదల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తర్వాత గోడలు లేచాయి. రెండు వందల ఏళ్లు కడుతూనే ఉన్నారు.

ఓడలో వెళ్లేవాళ్లకి ఆ రక్షణ ఎలా అమర్చారో బాగా తెలుస్తుంది. అక్కడి అఖాతానికి రెండు నోళ్లు. వెడల్పుది బొకాగ్రాండే, ఇరుకుది బొకాచికా. వెడల్పాటి నోటిని 18వ శతాబ్దంలో నీళ్ల అడుగున రాతిగోడ కట్టి మూసేశారు. శత్రువు ఎంత పెద్ద నౌకాదళంతో వచ్చినా ఇరుకు దారిలో ఒకదాని వెనక ఒకటి రావాల్సిందే. ఇవాళ్టికీ పెద్ద ఓడల దారి అదే. పైలట్ ఎక్కి, ఇంజన్ వేగం తగ్గించి ఓడ బొకాచికాలోకి తిరిగినప్పుడు నేను బ్రిడ్జి రెక్క మీద నిలబడి చూసేవాణ్ణి. ఒక పక్క శాన్ ఫెర్నాందో కోట, ఇంకో పక్క శాన్ హొసే. నీటి మట్టానికి కాస్త పైన వరసగా ఫిరంగుల కన్నాలు. కంటెయినర్లతో నిండిన ఓడ ఆ రెండు కోటల మధ్య నుంచి మెల్లగా జరుగుతుంటే, ఒకప్పుడు అటు నుంచి గురిపెట్టినవాడికి మేమెంత దగ్గరో అర్థమయ్యేది.

1741లో ఇంగ్లండు అడ్మిరల్ వెర్నన్ వందకు పైగా ఓడలతో వచ్చి ముట్టడించాడు. ఊరిని కాపాడినవాడు స్పెయిన్ నౌకా సేనాని బ్లాస్ దె లెసో. అప్పటికే యుద్ధాల్లో ఒక కాలు, ఒక కన్ను పోగొట్టుకుని, ఒక చెయ్యి చచ్చుబడినవాడు. తొలి విజయాల కబురు చేరగానే ఇంగ్లండులో ఊరు పడిపోయిందనే అనుకున్నారు. లెసో వెర్నన్ ముందు మోకరిల్లినట్టు పతకాలు కూడా పోతపోశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. శాన్ ఫెలీపె మీదికి ఎక్కబోయి దెబ్బతిన్నారు, వానలు మొదలయ్యాయి, ఎల్లో ఫీవర్ సిపాయిలని వేల సంఖ్యలో మింగేసింది. వెర్నన్ వట్టి చేతులతో వెనుదిరిగాడు. ఊరిని కాపాడిన వాటిలో ఆ జ్వరమూ ఒకటి, దాని పేరే ఇవాళ మన ఎయిర్‌పోర్టులో సర్టిఫికెట్ మీద కనిపిస్తుంది. మీ ఆయనకి ఇంకో ముక్క చెప్పు. ఆ దండులో జార్జ్ వాషింగ్టన్ సవతి అన్న లారెన్స్ కూడా ఉన్నాడు. తిరిగి వెళ్లాక తన ఎస్టేటుకి తన అడ్మిరల్ పేరే పెట్టుకున్నాడు. మీరు వాషింగ్టన్ వెళ్లినప్పుడు చూసొచ్చిన మౌంట్ వెర్నన్ అదే.

రెండో రోజు సాయంత్రం ప్రాకారం లోపల నడవండి. గడియార గోపురం కింద నుంచి లోపలికి అడుగుపెడితే కోచెస్ చౌరస్తా వస్తుంది. ఒక వైపు స్తంభాల వసారా కింద మిఠాయి బల్లలు, పెద్ద గాజు సీసాల నిండా కొబ్బరి లౌజులు. బెల్లం పాకంలో చిరుధాన్యపు పేలాలు, కొబ్బరి, సోంపు కలిపి చుట్టిన ఉండలు కూడా దొరుకుతాయి, వాటిని అలెగ్రియా అంటారు. అక్కకి కొనిపెట్టు, ఒక్కటి తిన్నాక పాకం ఎంత ముదిరిందో తనే చెబుతుంది. అయితే ఆ చౌరస్తా ఒకప్పుడు మనుషుల్ని అమ్మిన సంత. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చినవాళ్లని అక్కడ నిలబెట్టి బేరం చేసేవారు. స్పానిష్ అమెరికాలో బానిసల వ్యాపారానికి కార్తహేనా ముఖ్యమైన రేవుల్లో ఒకటి. మీరు ఫొటో తీసుకునే గోడలు కట్టిన చేతులు కూడా చాలావరకు వాళ్లవే.

అక్కడికి దగ్గర్లోనే శాన్ పెద్రో క్లవేర్ చర్చి. క్లవేర్ అనే జెస్యూట్ ఫాదరీ 1610లో ఆ ఊరు వచ్చాడు. బానిసల ఓడ రేవులో ఆగగానే ఎక్కి, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి నీళ్లు, తిండి, మందు అందించేవాడు. మంచం పట్టేదాకా అదే పని, 1654లో పోయాడు. అతని అస్థికలు ఆ చర్చి బలిపీఠం కింద ఉన్నాయి. మూడు మ్యూజియాలు కొట్టేసి ఈ ఒక్క చర్చి, దాని మఠం ఉంచాను. గంటన్నర ఇవ్వు.

రంగురంగుల గౌన్లతో, తల మీద పండ్ల గంపతో నిలబడే నల్లజాతి ఆడవాళ్లు అక్కడ మీకు కనిపిస్తారు. కార్తహేనా అని వెతికితే ముందు వచ్చే ఫొటో వాళ్లదే. వాళ్లని పలెంకేరాలంటారు. ఫొటో తీస్తే డబ్బివ్వాలి, అది వాళ్ల జీవనోపాధి. దొంగచాటుగా తీయకు, ముందే ఎంతో అడిగి తీసుకో. అంతకన్నా మంచిది, వాళ్ల ఊరికే ఒక పూట వెళ్లండి. నీ షీటులో రెండో దీవి కొట్టేసి దాని చోట శాన్ బసీలియో దె పలెంకె రాశాను. కార్తహేనాకి యాభై కిలోమీటర్ల దూరం. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు బెంకోస్ బియోఓ నాయకత్వంలో అడవిలో కోట కట్టుకుని నిలిచారు. 18వ శతాబ్దం మొదట్లో స్పానిష్ పాలకులే దిగొచ్చి వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. స్పానిష్‌లో ఆఫ్రికా బంటూ భాషలు కలిసిన సొంత భాష వాళ్లకి ఇప్పటికీ ఉంది. ఆ ఊరి సంస్కృతిని 2005లో యునెస్కో గుర్తించింది. ఆడవాళ్ల జడల్లో పారిపోయే దారుల పటం అల్లేవారని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఊరివాళ్లనే గైడుగా పెట్టుకో, డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది.

కొలంబియా రచయిత మార్కెస్ పుస్తకాలు చదివేదానివి కదా, నీ కోసం ఒక గడి కలిపాను. ఆయన కుర్రవాడిగా 1948లో ఆ ఊరొచ్చి ఎల్ యూనివర్సల్ పత్రికలో చేరాడు. మెక్సికోలో పోయినా చితాభస్మాన్ని 2016లో కార్తహేనా తెచ్చి, విశ్వవిద్యాలయం వారి లా మెర్సెద్ మఠం ముంగిట్లో ఉంచారు. ఆయన బొమ్మ యాభై వేల పెసోల నోటు మీద కూడా ఉంటుంది, జాగ్రత్తగా ఖర్చుపెట్టు.

బురద అగ్నిపర్వతం పూర్తిగా కొట్టేశాను. నిటారు మెట్లు, జారుడు, అక్కకి కుదరదు. పోపా కొండ మీది మఠం నుంచి ఊరంతా కనిపిస్తుంది. వెళ్తే టాక్సీ మాట్లాడుకుని, అది ఆగి ఉండగా చూసి, దానిలోనే దిగండి. ఆ దారిలో నడక వద్దు.

సముద్రం గురించి నీకున్న ఆశ కాస్త తగ్గించాలి. ఊరి బీచిల్లో ఇసుక బూడిద రంగు, నీళ్లు మట్టి రంగు. కాలుష్యం ఒక్కటే కారణం కాదు. మగ్దలేనా నదిని అఖాతానికి కలుపుతూ స్పానిష్ వాళ్లు 1650లో దీకె కాలవ తవ్వించారు. ఆ కాలవ మోసుకొచ్చే ఒండ్రు అఖాతమంతా పరుచుకుంటుంది, రొసారియో దీవుల పగడాల దాకా వెళ్తుంది. నీలం నీళ్లు కావాలంటే ఊరు దాటాలి. పడవలు ప్రాకారం పక్కనున్న బొదెగీతా రేవు నుంచి పొద్దున్నే బయలుదేరతాయి. టికెట్ ధరలో రేవు పన్ను కలిసిందో లేదో అడుగు, చాలావరకు విడిగా కట్టాలి. డిసెంబరు నుంచి వాణిజ్య పవనాలు జోరుగా వీస్తాయి, మధ్యాహ్నం దాటితే అలలు లేస్తాయి. చిన్న స్పీడు బోటు అల అలకీ ఎగిరి పడుతుంటే కుర్రాళ్ల నడుములే పట్టేస్తాయి. అక్కకి అది వద్దు. బారూ దీవికి 2014లో వంతెన కట్టారు, కారులో వెళ్లి ప్లాయా బ్లాంకా చూసి రావచ్చు. నువ్వూ మీ ఆయనా పడవలోనే దీవికి వెళ్తామంటే ఒక పొద్దున్న వెళ్లండి, లైఫ్ జాకెట్ సరిగ్గా బిగించుకోండి, మధ్యాహ్నం మూడు కాకముందే తిరిగి ఒడ్డున ఉండండి.

బీచిలో ఒకామె వచ్చి అడక్కుండానే భుజం పట్టి నొక్కడం మొదలుపెడుతుంది. "శాంపిలే, ఊరికే" అంటుంది. అయిదు నిమిషాల తర్వాత బిల్లు చెబుతుంది. ఒకాయన పళ్లెంలో గుల్లలు పెట్టి రుచి చూడమంటాడు, లెక్క గుల్లకింతని వేస్తాడు. వాళ్లతో గొడవ పెట్టుకోకు, కోపమూ తెచ్చుకోకు. మొదట్లోనే నవ్వుతూ "నో, గ్రాసియాస్" అనెయ్. ఆ ఊళ్లో ఏ బేరమైనా ముందే తెగాలి. టాక్సీలకి మీటరు ఉండదు, ఎక్కకముందే ధర మాట్లాడాలి. కుర్చీ, గొడుగు, పండ్ల ముక్కలు, అన్నీ అంతే. డాలరుకి వేల పెసోలు వస్తాయి. వాళ్లు "వేలు" అనే మాట మింగేసి "ఇరవై" అంటారు, అంటే ఇరవై వేలు. ఏటీఎం నీ డాలర్లలో లెక్క కట్టివ్వనా అని అడిగితే వద్దను, పెసోల్లోనే తీసుకో. హోటల్ బిల్లులో పది శాతం సర్వీసు కలపనా అని అడుగుతారు. అది ఐచ్ఛికమే, వడ్డన బాగుంటే కలపమను. ఫోన్ చేతిలో ఆడిస్తూ వీధుల్లో నడవకు, రాత్రి ఖాళీగా ఉన్న ప్రాకారం మీదికి వెళ్లకు, కొత్తవాళ్లిచ్చింది తాగకు.

అక్క తిండి గురించి నువ్వు పెట్టిన ప్రశ్నార్థకం చూశాను. "మాంసం వద్దు" అంటే వాళ్ల లెక్కలో పశుమాంసం వద్దని, కోడి వేసి తెస్తారు. మాంసం, కోడి, చేప, గుడ్డు ఏదీ వద్దని స్పానిష్‌లో చీటీ రాయించి అక్క పర్సులో పెట్టు. చిక్కుడు గింజల్లో పంది ముక్కలు వేసే అలవాటుంది, అడిగి తీసుకో. అక్కడి కొబ్బరన్నం మాత్రం తప్పక తినాలి. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలి, అడుగున గోధుమరంగు కోరు మిగిలేదాకా మరిగిస్తారు. ఆ కోరు వేగిన వాసన వచ్చాక పల్చటి పాలు, చక్కెర, ఉప్పు, బియ్యం వేసి వండుతారు. అన్నం గోధుమరంగులో, కాస్త తియ్యగా ఉంటుంది. పక్కన పతకోన్ పెడతారు. పచ్చి అరటికాయ మందంగా కోసి వేయించి, చిదిమి పల్చగా చేసి, వెల్లుల్లి ఉప్పునీళ్లలో ముంచి మళ్లీ వేయిస్తారు. అక్క తన కందిపొడి లేకుండా కదలదు, సీలు వేసిన ప్యాకెట్టే తీసుకెళ్లనివ్వు. వీధుల్లో పచ్చి మామిడికాయ చీల్చి ఉప్పు, నిమ్మరసం పిండి కప్పులో ఇస్తారు. నీస్పెరో రసం అడిగితే మన సపోటా రసమే వస్తుంది. అల్లుడికి గుడ్డు అరేపా పెట్టించు. మొక్కజొన్న పిండి రొట్టె వేయించి, పక్కన చీల్చి, లోపల గుడ్డు కొట్టి పోసి మళ్లీ నూనెలో వేస్తారు, వేడి మీద తింటేనే బాగుంటుంది. మంచినీళ్లు సీసావే తాగండి. డెంగీ ఉన్న తీరం, సాయంత్రాలు దోమల మందు రాసుకోండి.

మొత్తానికి నీ కొత్త షీటు ఇలా ఉంటుంది. మొదటి రోజు కోట, సాయంత్రం ప్రాకారం మీద సూర్యాస్తమయం. దానికి కాఫీ హోటలు టేబుల్ అక్కర్లేదు, గోడ మీద ఎక్కడ కూర్చున్నా అదే సూర్యుడు, ఊరికే కనిపిస్తాడు. రెండో రోజు ఉదయం పోపా కొండ, సాయంత్రం క్లవేర్ చర్చి, మిఠాయి బల్లలు. మూడో రోజు పలెంకె. నాలుగో రోజు సముద్రం. అయిదో రోజు ఉదయం లా మెర్సెద్, ఆ తర్వాత ఏమీ రాయకు. నాలుగు రోజుల్లో మీకు నచ్చిన చోటికి మళ్లీ వెళ్లడానికి అది. ఒకే వీధిలో రెండోసారి నడిచినప్పుడే కొట్టువాడు గుర్తుపట్టి పలకరిస్తాడు, మీరూ ఫొటో తీయడం మాని అటూ ఇటూ చూస్తారు. అక్క కూడా అప్పటికి ఏ మెట్టు ఎత్తో, ఏ బల్ల నీడలో ఉందో నేర్చుకుని మీకన్నా ముందు నడుస్తుంది.

ఈ వారం చేయాల్సినవి మూడు. అల్లుడి స్టాంపింగ్ స్లాటు చూడండి. అక్క తిరుగు టికెట్ జనవరికి మార్చు, మార్పు రుసుము ఎంతైనా సరే, నేను పంపిస్తాను. డాక్టరుతో టీకా సంగతి మాట్లాడు. ఈ మూడూ అయ్యాకే గది బుక్ చెయ్యి, అదీ డబ్బు వెనక్కిచ్చే షరతు మీద. షీటు దిద్ది మళ్లీ పంపు. మధ్యాహ్నం గడుల్లో ఏదైనా నింపినట్టు కనిపిస్తే ఈసారి కొట్టేసేది అత్తయ్య.

అల్లుడికి మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మావయ్య